మీకు తెలుసా? చెకుముకి తుపాకి ఎందుకు మొరాయించేది?

యానాంకు ఉత్తరాన, గొల్లప్రోలు దగ్గరి చందుర్తిలో 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనకూ ఇంగ్లీషు సేనకూ యుద్ధం జరిగింది. గెలుపు ఇంగ్లీషువారిది. ఆ యుద్ధంలో వాడిన చెకుముకి తుపాకికి పక్కన చిన్న పళ్లెం ఉండేది. అందులో చిటికెడు తుపాకిమందు పోసి మీట నొక్కితే చెకుముకి రాయి ఉక్కును గీరి నిప్పురవ్వలు రాల్చేది. వాటితో పళ్లెంలోని మందు అంటుకుని, ఆ మంట సన్నని రంధ్రం గుండా గొట్టంలోకి పాకితేనే తుపాకి పేలేది. రంధ్రానికి మసి పట్టినా, మందు చెమ్మగిల్లినా అంతే సంగతులు! అందుకే సిపాయిలు సన్నని తీగ వెంట ఉంచుకుని రంధ్రాన్ని పొడిచి శుభ్రం చేసేవారు.

వేటకు వెళ్లినప్పుడు పళ్లెంలో మెరుపు చూసి పిట్టలు ఎగిరిపోతున్నాయని విసిగిన స్కాట్లండ్ మతబోధకుడు అలెగ్జాండర్ ఫోర్సిత్, దెబ్బ తగిలితే అంటుకునే మందును వాడి 1807లో పేటెంటు పొందాడు. నేటి తూటా అడుగున బొత్తాం అంత కనిపించే ప్రైమర్‌కు మూలం అదే.