ఉన్నత పాఠశాల గణిత బోధన: కృత్యం నుండి నిరూపణకు – డిజిటల్ సాధనాల పాత్ర

వ్యాససంగ్రహం:
ఉన్నత పాఠశాల గణిత తరగతిలో కృత్యాలకూ డిజిటల్ సాధనాలకూ నేడు ప్రాధాన్యం పెరిగింది. ఇవి విద్యార్థిలో ఆసక్తిని పెంచుతాయి. అయితే కళ్ళకు కనిపించినదే నిరూపణ అని విద్యార్థి భ్రమపడే అవకాశం కూడా వీటి వెంటనే ఉంది. కృత్యం, డిజిటల్ సాధనం, నిరూపణ – ఈ మూడింటి విధులను వేరుచేసి చూపి, ఒకదాని నుండి మరొకదానికి తరగతిని ఎలా నడిపించవచ్చునో నాలుగు ఉదాహరణలతో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: గణిత బోధన, కృత్యం, జియోజీబ్రా, నిరూపణ, గురులఘువులు.

1. ఉపోద్ఘాతం:
త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలని బోధించేటప్పుడు కాగితపు త్రిభుజం మూలలను చింపి పక్కపక్కన పేర్చే కృత్యం మన పాఠశాలల్లో సుపరిచితమే. మూడు మూలలూ ఒక సరళరేఖపై ఒదగగానే పిల్లల ముఖాల్లో సంతోషం కనిపిస్తుంది. చాలా తరగతుల్లో పాఠం అక్కడితో ముగిసిపోతుంది. మరునాడు నల్లబల్లపై సమాంతరరేఖ గీసి నిరూపణ రాయించినప్పుడు, నిన్న చేసినదానికీ నేడు రాస్తున్నదానికీ సంబంధమేమిటో విద్యార్థికి బోధపడదు. కృత్యం ఆటగానూ, నిరూపణ మార్కుల కోసం కంఠస్థం చేయవలసిన పాఠంగానూ మిగిలిపోతాయి.

పిల్లల ఆలోచనను గణితీకరించడమే గణిత విద్య ప్రధాన లక్ష్యమని జాతీయ విద్యాప్రణాళిక చట్రం – 2005 పేర్కొన్నది. తెలుగు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లో 'ఇవి చేయండి', 'ఆలోచించి, చర్చించి రాయండి' వంటి శీర్షికలు ఈ దృష్టితో చేర్చినవే. చేయడానికీ ఆలోచించడానికీ నడుమ వంతెన వేయడమే ఉపాధ్యాయునికి ఎదురయ్యే అసలు సమస్య.

2. కాగితం చెప్పే అబద్ధం:
కృత్యం పరిమితిని విద్యార్థులకే తెలియజెప్పే కృత్యం ఒకటి ఉంది. 8 సెంటీమీటర్ల భుజం గల చతురస్రాన్ని 8×3, 8×5 కొలతల దీర్ఘచతురస్రాలుగా కత్తిరించాలి. మొదటిదాన్ని కర్ణం వెంబడి కత్తిరిస్తే రెండు లంబకోణ త్రిభుజాలు వస్తాయి. రెండవదాన్ని, సమాంతర భుజాలు 3, 5 సెంటీమీటర్లు, వాటి మధ్య దూరం 5 సెంటీమీటర్లు ఉండేలా రెండు సమలంబ చతుర్భుజాలుగా కత్తిరించాలి. ఈ నాలుగు ముక్కలను 13×5 దీర్ఘచతురస్రంగా పేర్చమంటే పిల్లలు సులభంగానే పేరుస్తారు. చతురస్ర వైశాల్యం 64, దీర్ఘచతురస్ర వైశాల్యం 65. ఒక చదరపు సెంటీమీటరు ఎక్కడి నుండి వచ్చింది?

కత్తెర సరిగా తెగలేదనీ, కొలత తప్పిందనీ తరగతిలో వాదోపవాదాలు జరుగుతాయి. వాటిని కొంతసేపు సాగనివ్వాలి. ఆ తరువాతే డిజిటల్ సాధనాన్ని ప్రవేశపెట్టాలి. జియోజీబ్రాలో (0, 0), (8, 3), (13, 5), (5, 2) బిందువులను గుర్తించి బహుభుజిగా కలిపితే, కర్ణం వెంబడి ఒక సన్నని సమాంతర చతుర్భుజం కనిపిస్తుంది. దాని వైశాల్యం సరిగ్గా 1. నిలువుగా కొలిస్తే ఆ ఖాళీ ఎక్కడా 1.25 మిల్లీమీటర్లకు మించదు. కాగితం అంచుల మధ్య అది కంటికి ఆనదు.

ఇక కారణం చెప్పవలసింది వాలు. త్రిభుజం కర్ణం వాలు 3/8, సమలంబ చతుర్భుజం ఏటవాలు భుజం వాలు 2/5. ఇవి సమానం కావు కనుక ఆ రెండు అంచులూ ఒకే సరళరేఖపై ఉండవు. పదవ తరగతి నిరూపక జ్యామితిలోని వాలు భావన ఇక్కడ సూత్రంగా కాక, ఒక వివాదాన్ని తీర్చే సాక్ష్యంగా పనిచేస్తుంది.

3. క్రమాన్ని ఎప్పుడు నమ్మాలి?
పై ఉదాహరణలో మోసపోయినది కన్ను. కొన్నిసార్లు సంఖ్యలు కూడా అలాగే మోసగిస్తాయి. వృత్తంపై బిందువులు గుర్తించి, ప్రతి జంటనూ జ్యాతో కలిపితే వృత్తం ఎన్ని భాగాలవుతుంది? బిందువులు 1, 2, 3, 4, 5 అయినప్పుడు భాగాలు వరుసగా 1, 2, 4, 8, 16. ఆరు బిందువులకు 32 అని తరగతి దాదాపు ఏకగ్రీవంగా చెబుతుంది. గీసి లెక్కిస్తే గరిష్ఠంగా 31 మాత్రమే వస్తాయి. జియోజీబ్రాలో బిందువులను జరుపుతూ చూస్తే 32 ఎప్పటికీ రాదు. ఆరు బిందువులను సమదూరంలో ఉంచితే మూడు జ్యాలు కేంద్రం వద్ద కలుస్తాయి కాబట్టి 30 భాగాలే వస్తాయి. మూడు జ్యాలు ఒకే బిందువు వద్ద కలవనంత వరకు, కొత్తగా గీసిన ప్రతి జ్యా ఒక భాగాన్నీ, వృత్తం లోపలి ప్రతి ఖండన బిందువు మరొక భాగాన్నీ చేరుస్తాయి. ఆరు బిందువులకు 15 జ్యాలు, 15 ఖండన బిందువులు. మొదటి ఒక భాగంతో కలిపి 31.

దీనికి జోడుగా తెలుగు తరగతి నుండి ఒక కృత్యాన్ని తెచ్చుకోవచ్చు. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు. నాలుగు మాత్రలను గురులఘువులతో ఎన్ని విధాలుగా కూర్చవచ్చు? ఒకటి నుండి ఐదు మాత్రల వరకు రాసి చూస్తే 1, 2, 3, 5, 8 వస్తాయి. 12వ శతాబ్దికి చెందిన హేమచంద్రుడు ఛందస్సులో వివరించిన ఈ సంఖ్యలే నేడు ఫిబొనాచీ సంఖ్యలుగా ప్రసిద్ధి పొందాయి. ఇక్కడ తరువాతి సంఖ్య 13 అని ధైర్యంగా చెప్పవచ్చు. చివరి అక్షరం లఘువైతే మిగిలినవి ఐదు మాత్రలు, గురువైతే నాలుగు మాత్రలు. కనుక 8, 5 కలిపి 13. ఈ తర్కం ఎన్ని మాత్రలకైనా వర్తిస్తుంది. స్ప్రెడ్‌షీట్‌లో ముందు రెండు గడులను కూడే సూత్రాన్ని కిందికి లాగితే వందలాది పదాలు క్షణంలో వస్తాయి. అయితే ఆ సూత్రాన్నే ఎందుకు రాయాలో గురులఘువుల తర్కమే చెప్పాలి. వృత్తంలో క్రమం ఎందుకు తప్పింది, ఛందస్సులో ఎందుకు తప్పలేదు అనే ప్రశ్నను పక్కపక్కన నిలిపినప్పుడే నిరూపణ అవసరం విద్యార్థికి అనుభవంలోకి వస్తుంది.

4. సాధనం కారణాన్ని చూపగలదా?
జియోజీబ్రాను మార్కస్ హోహెన్‌వార్టర్ 2001లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రూపొందించడం ప్రారంభించారు. బిందువును జరిపితే పటమంతా దాని నియమాలకు లోబడి మారడం ఈ సాధనం విశేషం. అయితే త్రిభుజం శీర్షాన్ని జరుపుతూ కోణాల మొత్తం 180 అని చూపడం వందసార్లు కొలవడంతో సమానమే. పైగా, రెండు దశాంశ స్థానాలకు సవరించిన కోణాలను విద్యార్థి స్వయంగా కూడితే ఒక్కోసారి 179.99 కూడా రావచ్చు. ఆ 0.01 ఎక్కడ పోయిందన్న ప్రశ్న చర్చకు మంచి అవకాశం.

అదే సాధనాన్ని మరోవిధంగా వాడవచ్చు. త్రిభుజాన్ని ఒక భుజం మధ్యబిందువు చుట్టూ 180 డిగ్రీలు భ్రమణం చేయాలి. అసలు త్రిభుజాన్నే మరొక భుజం మధ్యబిందువు చుట్టూ కూడా అలాగే తిప్పాలి. మూల చింపి పక్కన పెట్టడమంటే నిజానికి ఇదే. అప్పుడు పై శీర్షం గుండా భూమికి సమాంతరంగా ఒక రేఖ ఏర్పడుతుంది, దానిపై మూడు కోణాలు చేరతాయి. నల్లబల్లపై ఉపాధ్యాయుడు గీసే సమాంతరరేఖ ఎక్కడి నుండి వచ్చిందో విద్యార్థి ఇక్కడ చూస్తాడు. ఏకాంతర కోణాల సమానత్వాన్ని చెప్పగానే నిరూపణ పూర్తవుతుంది. కృత్యం, సాధనం, నిరూపణ ఒకే ఆలోచనకు మూడు రూపాలుగా నిలుస్తాయి.

నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హీలే దంపతులు 1957లో ప్రతిపాదించిన జ్యామితీయ ఆలోచనా స్థాయిల సిద్ధాంతం ఇక్కడ ఉపకరిస్తుంది. ఆకారాన్ని గుర్తించడం, ధర్మాలను పరిశీలించడం, వాటి మధ్య సంబంధాలను గ్రహించడం అనే దశలు దాటనిదే నిగమన తర్కం విద్యార్థికి అర్థవంతం కాదని వారి వాదం. పటాన్ని తిప్పి చూడడం ఈ మధ్య దశలకు ఆసరా ఇస్తుంది.

5. తరగతి నిర్వహణ:
పై ఉదాహరణలన్నింటిలో ఒకే వరుస ఉన్నది: ఊహించడం, చేతితో చేయడం, సాధనంతో పరీక్షించడం, కారణం చెప్పడం. కృత్యానికి ముందే ప్రతి విద్యార్థీ తన ఊహను నోటుపుస్తకంలో రాయాలి. రాయని ఊహ తప్పినా విద్యార్థిని కలవరపెట్టదు. అందరికీ కంప్యూటర్లు లేనిచోట ఒక ప్రొజెక్టరు లేదా ఉపాధ్యాయుని ఫోను చాలు. తెరపై బిందువును జరిపే పని విద్యార్థికి అప్పగించి, జరిపే ముందు ఏమి జరుగుతుందో మిగిలినవారిని అడగాలి. జియోజీబ్రాను ముందుగా స్థాపించుకుంటే అంతర్జాలం లేకుండానే వాడవచ్చు.

ఈ వరుసకు సమయం పడుతుంది. సిలబస్ ఒత్తిడిలో ప్రతి పాఠానికీ ఇది సాధ్యం కాదు. ఒక్కో అధ్యాయంలో ఒక్క సిద్ధాంతానికైనా నాలుగు దశలూ నడిపితే, మిగిలిన నిరూపణలను చదివే దృష్టి మారుతుంది. మూల్యాంకనం కూడా ఇందుకు తోడ్పడాలి. సిద్ధాంతాన్ని నిరూపించమనే ప్రశ్నతో పాటు, ఇచ్చిన రెండు వాదనల్లో ఏది ఉదాహరణ, ఏది నిరూపణ, ఎందుకు అనే ప్రశ్న కూడా ఉండాలి. ఇటువంటి ప్రశ్నలకు విద్యార్థులు రాసే సమాధానాలు పరిశోధకులకు విలువైన సామగ్రి అవుతాయి.

6. ముగింపు:
కృత్యం ప్రశ్నను పుట్టిస్తుంది, డిజిటల్ సాధనం ఆ ప్రశ్నను పదునుపెడుతుంది, నిరూపణ సమాధానం చెబుతుంది. మొదటి రెండింటితో ఆగిన తరగతి ఉల్లాసంగా ఉంటుంది గాని, 64, 65 ఎలా అయిందో చెప్పలేదు. మూడవదానితోనే మొదలైన తరగతిలో ఆ ప్రశ్నే పుట్టదు. తన ఊహను తానే అనుమానించి, కారణం వెదికే విద్యార్థిని తయారుచేయడమే ఏ కృత్యానికైనా, ఏ సాధనానికైనా కొలమానం కావాలి.