వాన తెచ్చే పోషకాలు: కొలత, లెక్క

అడవికి ఎవరూ ఎరువు వేయరు. అయినా నత్రజని, గంధకం, కాల్షియం వంటి పోషకాలు వాతావరణం నుంచి దానికి చేరుతూనే ఉంటాయి. వాననీటిలో కరిగి వచ్చేదాన్ని తడి నిక్షేపణ అనీ, ధూళిగా, వాయువులుగా వచ్చి ఆకులపై, నేలపై చేరేదాన్ని పొడి నిక్షేపణ అనీ అంటారు. ఇక్కడ మొదటిదాని కొలతనే తీసుకుందాం.

పరికరం సాదాసీదాదే: ఒక గరాటు, దాని కింద సీసా. అయితే ఎప్పుడూ తెరిచి ఉంచితే దుమ్ము, పక్షుల రెట్టలు కూడా అందులో పడతాయి. అందుకే చినుకు తగలగానే తెరుచుకుని, వాన ఆగాక మూసుకునే మూత అమరుస్తారు. నీరు ఎక్కువ రోజులు నిలవ ఉంటే సూక్ష్మజీవులు అందులోని అమ్మోనియంను వాడుకుంటాయి. కాబట్టి నమూనాను వెంటవెంటనే తీసి చల్లని చోట భద్రపరచాలి.

నా అనుభవంలో విద్యార్థులు తడబడేది పరికరం దగ్గర కాదు, లెక్క దగ్గర. 1 మి.మీ. వాన అంటే చదరపు మీటరుకు 1 లీటరు నీరు. ఒక ఊహాత్మక ఉదాహరణ చూడండి. మొదటి వారం 5 మి.మీ. వాన, లీటరుకు 2 మి.గ్రా. నత్రజని. రెండో వారం 95 మి.మీ. వాన, లీటరుకు 0.2 మి.గ్రా. గాఢతల మామూలు సగటు 1.1. దాన్ని 100 మి.మీ.తో గుణిస్తే చదరపు మీటరుకు 110 మి.గ్రా. వస్తుంది. అసలు చేరినది 10 + 19 = 29 మి.గ్రా. మాత్రమే, అంటే హెక్టారుకు 0.29 కిలోలు. చిరుజల్లు గాలిని కడిగి తెచ్చే నీరు చిక్కగా ఉంటుంది, కానీ ఆ నీరు కొద్దిపాటిదే. కనుక వాన పరిమాణాన్ని బట్టి భారిత సగటు తీయాలి. నివేదికలో ఉన్నది నైట్రేటా, నైట్రేట్‌లోని నత్రజనా అన్నదీ చూసుకోండి: 62 గ్రాముల నైట్రేట్‌లో నత్రజని 14 గ్రాములే.

చెట్ల కింద పెట్టిన గరాటులో పొటాషియం ఎక్కువగా కనిపిస్తుంది. అందులో అధిక భాగం ఆకుల నుంచి కడుక్కుని వచ్చినదే. దాన్ని కొత్త రాబడిగా జమ కట్టకూడదు.

ఇలాంటి జమాఖర్చును జీన్ లైకెన్స్, హెర్బర్ట్ బోర్మన్, వారి సహచరులు 1963లో అమెరికాలోని న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో, హబ్బర్డ్ బ్రూక్ అడవిలో మొదలుపెట్టారు. వానతో వచ్చేదాన్నీ, సెలయేళ్లతో పోయేదాన్నీ కొలిచారు. వారు వెతికింది పోషకాల లెక్క. ఆ లెక్కలోనే ఆమ్ల వర్షం బయటపడింది. పైగా కాల్షియం ఖాతాలో జమ కంటే ఖర్చు ఎక్కువ. ఆమ్లం నేలలోని నిల్వను కరిగించి పంపేస్తోంది. 1999లో అక్కడి ఒక చిన్న పరీవాహక ప్రాంతంపై హెలికాప్టర్‌తో కాల్షియం ఖనిజాన్ని చల్లి, ఆ లోటు తీరితే అడవి ఎలా స్పందిస్తుందో పరీక్షించడం ప్రారంభించారు.