పాత ఆయిల్ డబ్బాకు వయసెంత?

తెలుగు డిపార్ట్‌మెంటు గోడపత్రికలో ఇంజన్ ఆయిల్ సంగతేమిటని నవ్వకండి. దానికి మన భాషలో చక్కని మాట ఉంది: కందెన. బండి ఇరుసుకు పూసే నల్లటి జిడ్డును పెద్దవాళ్లు అలాగే అనేవాళ్లు. సుమతీ శతకంలోనూ ఆ మాట ఉంది. కాబట్టి రాసే హక్కు నాకు ఉన్నట్టే.

మా చిన్నాయన బళ్లారిలో చిన్న స్పేర్ పార్ట్స్ అంగడి నడిపేవాడు. కరోనా ఏడాదిలో అది మూతపడింది. మిగిలిన సామాను మా ఇంటికొచ్చింది. అందులో బైకులకు వాడే లీటరు ఇంజన్ ఆయిల్ డబ్బాలు 18 ఉన్నాయి. అప్పటినుంచి రేకుల షెడ్డులోనే పడున్నాయి. మొన్న పక్కింటి అన్న వచ్చి, "సగం ధరకిస్తే అన్నీ నేనే తీసుకుంటా" అన్నాడు. ఆయన బైకు మీద పార్సిళ్లు చేరవేసి బతుకుతాడు. అమ్మ సరేనంది. నా పరీక్ష ఫీజుకు ఆ డబ్బు అక్కరకొస్తుందని ఆమె లెక్క.

నేను ఊరికే ఒక డబ్బా తిప్పి చూశాను. తయారైన నెల 03/2019 అని ఉంది. ఎక్స్‌పైరీ తేదీ ఎక్కడా లేదు. "తేదీ లేదంటే చెడిపోదనే కదా" అంది అమ్మ. నాయన ఇంకో మాటన్నాడు: "భూమిలో కోట్ల ఏండ్లున్న నూనె, డబ్బాలో కొన్నేండ్లకే చెడిపోతుందా?" రెండూ మంచి ప్రశ్నలే. జవాబులు వెతికితే తెలిసినవి ఇవి.

మొదట అమ్మ ప్రశ్న. మన దేశంలో ప్యాకింగ్ సరుకుల మీద తయారైన నెల, సంవత్సరం వేయాలని 2011 నాటి నియమాలు చెబుతాయి. "ఈ తేదీలోపు వాడండి" అన్నది మాత్రం కొంతకాలానికి మనిషి తినడానికో వాడడానికో పనికిరాకుండా పోయే సరుకులకు ఉద్దేశించినది. ఇంజన్ ఆయిల్‌ను మనం తినం కదా. అందుకే చాలా డబ్బాల మీద ఆ తేదీ కనిపించదు. తేదీ లేకపోవడం అంటే ఆయుష్షు లేదని కాదు. సీలు తీయకుండా నీడలో, పొడిగా దాచితే 3 నుంచి 5 ఏళ్ల వరకు బాగుంటుందని కంపెనీలు మామూలుగా చెప్పే మాట. లెక్క మొదలయ్యేది మనం కొన్న రోజునుంచి కాదు, తయారైన నెలనుంచి. సీలు తీశాక ఏడాదిలోపు వాడేయడం మంచిది.

ఇక నాయన ప్రశ్న. భూమి అడుగున ముడి నూనెకు గాలి తగల్లేదు. డబ్బాలో మూత కింద కొంత గాలి ఉంటుంది. గాలిలోని ఆక్సిజన్ నూనెతో మెల్లగా కలుస్తూ, దాన్ని చిక్కగా, పులుపుగా మారుస్తుంది. అంతకంటే పెద్ద సంగతి, డబ్బాలో ఉన్నది ఉత్త నూనె కాదు. బేస్ ఆయిల్‌లో రకరకాల రసాయనాలు కలుపుతారు. మసిని ఒకచోట పేరుకోనివ్వకుండా తేలించేది ఒకటి, ఇనుము ఇనుముతో రాసుకుని అరగకుండా కాపాడే జింకు మందు ఒకటి, నురుగు రానివ్వనిది ఒకటి, తుప్పు పట్టనివ్వనిది ఒకటి, ఆక్సిజన్ దెబ్బను తాను కాచుకునేది ఒకటి. భూమిలో నూనెకు ఇవేవీ లేవు. ఏళ్లు గడిచేకొద్దీ వీటిలో కొన్ని ఖర్చయిపోతాయి, కొన్ని విడిపోయి అడుగుకు దిగుతాయి. అంటే నూనె నూనెగానే ఉంటుంది, దాని కాపలాదారులే తగ్గిపోతారు.

వేడి ఈ పనిని తొందర చేస్తుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆక్సీకరణ వేగం సుమారు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. మా బళ్లారి ఎండలు తెలిసినవే. రేకుల కింద ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు.

నీళ్లు ఇంకో శత్రువు. పెద్ద డ్రమ్ములు ఆరుబయట నిలబెడితే పైన వాననీరు నిలుస్తుంది. పగలు వేడికి లోపలి గాలి వ్యాకోచించి మూత సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి చల్లబడగానే లోపలికి పీలుస్తుంది. గాలితోపాటు నీళ్లూ పోతాయి. అందుకే డ్రమ్మును పడుకోబెట్టి, రెండు మూతలూ గడియారంలో 3, 9 ఉన్న చోట్లలో ఉండేలా పెట్టమంటారు. అప్పుడు రెండు మూతలకూ లోపల నూనె ఆని ఉంటుంది, గాలి పీల్చే దారి ఉండదు.

చూసి పోల్చుకోవచ్చా? కొంతవరకే. గాజు గ్లాసులో పోసి వెలుతురుకు పట్టాలి. పాలు కలిపిన కాఫీలా ఉంటే నీళ్లు చేరినట్టు. డబ్బాను బాగా ఊపినా అడుగు మడ్డి కలవకపోతే, ఘాటైన పుల్లటి వాసన వస్తే, వాడకూడదు. అయితే తేటగా కనిపించినంత మాత్రాన కాపలాదారులు లోపల ఉన్నారని చెప్పలేం. అది ల్యాబులోనే తేలుతుంది.

ఇంకో రకం వయసు కూడా ఉంది. డబ్బా మీద ఏపీఐ ఎస్ఎన్, ఎస్పీ లాంటి అక్షరాలుంటాయి. ఎస్ఎన్ 2010లో వచ్చింది, ఎస్పీ 2020లో. నూనె బాగానే ఉన్నా, కొత్త బండి కోరే రకానికి అది చాలకపోవచ్చు. జాసో ఎంఏ అని ఉంటే గేరు బైకులకు. వాటి క్లచ్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది, జారకుండా పట్టు కావాలి. ఎంబీ అని ఉంటే మనం నడిపే గేర్లు లేని స్కూటర్లకు. బండితో వచ్చిన పుస్తకం చూసుకోవాలి.

ఇదంతా అయ్యాక 4 డబ్బాలు తెరిచాం. రెండింటిలో ఊపినా కరగని మడ్డి ఉంది. మిగతా రెండూ తేటగానే ఉన్నాయి. అమ్మ వాటిని చూసి, "ఇవన్నా ఇద్దామా?" అంది. నేనే పక్కింటి అన్నకు తేదీ చూపించి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కాసేపు డబ్బా తిప్పి తిప్పి చూశాడు. "ఇంజన్ పోతే నా పొట్ట పోతుంది చెల్లీ, వద్దులే" అన్నాడు. అమ్మకు రెండు రోజులు నా మీద కోపం. ఫీజు చీటీ డబ్బుతో కట్టాం.

ఒక డబ్బా గేటు బందులకు, షట్టరుకు, బీగాలకు ఉంచుకున్నాం. మిగతావి మోరీలో పోయలేదు. పనికిరాని ఆయిల్ ప్రమాదకర వ్యర్థాల లెక్కలోకి వస్తుంది, నేలను, నీళ్లను పాడు చేస్తుంది. తన పాత ఆయిల్‌ను పోగుచేసి శుద్ధి చేసేవాళ్లకు పంపే మెకానిక్‌కు ఇచ్చేశాం.

మీ ఇంట్లోనూ షెడ్డులోనో అటక మీదో ఒక డబ్బా ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దించి, తయారైన నెల ఒకసారి చూడండి.