రెండు నిమిషాల హార్మోన్ వారం రోజుల మందు ఎలా అయింది?

భోజనం చేయగానే మన పేగుల నుంచి జీఎల్‌పీ-1 అనే హార్మోన్ విడుదలవుతుంది. ఇది ఇన్సులిన్‌ను పెంచి రక్తంలో చక్కెరను అదుపు చేస్తుంది, ఆకలినీ తగ్గిస్తుంది. మధుమేహానికి దీన్నే మందుగా ఇవ్వొచ్చు కదా అనిపిస్తుంది. చిక్కల్లా దాని ఆయుష్షుతోనే. రక్తంలో చేరిన సుమారు 2 నిమిషాలకే సగం నశిస్తుంది. ఇలా సగానికి తగ్గేందుకు పట్టే కాలమే అర్ధాయువు.

జీఎల్‌పీ-1 ఒక పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. డీపీపీ-4 అనే ఎంజైమ్ ఈ గొలుసును రెండో అమైనో ఆమ్లం తర్వాత కత్తిరిస్తుంది. చిన్న అణువు కావడంతో మూత్రపిండాలూ సులభంగా వడగట్టేస్తాయి.

సెమాగ్లూటైడ్ తయారీలో ఈ రెండింటికీ విరుగుడు కనిపెట్టారు. రెండో స్థానంలోని అలనీన్‌కు బదులు, ఒక మిథైల్ సమూహం అదనంగా ఉన్న అమైనో ఆమ్లాన్ని పెట్టారు. దాంతో ఎంజైమ్‌కు పట్టు దొరకదు. తర్వాత గొలుసు మధ్యలో 18 కార్బన్ల కొవ్వు ఆమ్లాన్ని తగిలించారు. అది రక్తంలోని అల్బుమిన్ ప్రోటీన్‌ను అంటిపెట్టుకుంటుంది. అంత పెద్ద ప్రోటీన్ మూత్రపిండాల జల్లెడలోంచి జారిపోదు.

అంతకుముందు వచ్చిన లిరాగ్లూటైడ్‌లో 16 కార్బన్ల కొవ్వు ఆమ్లం ఉంది. దాని అర్ధాయువు సుమారు 13 గంటలు, అందుకే రోజూ సూది తప్పదు. సెమాగ్లూటైడ్ అర్ధాయువు సుమారు వారం. వారానికి ఒక్క సూది చాలు.

అయితే ఈ దీర్ఘాయుష్షుకు మరో వైపూ ఉంది. మందు ఆపేసినా శరీరంలో దాదాపు 5 వారాలు ఉంటుంది. వికారం లాంటి దుష్ప్రభావాలు వెంటనే తగ్గకపోవచ్చు. గర్భం కోరుకునే మహిళలు కనీసం 2 నెలల ముందే దీన్ని ఆపాలన్న సూచన కూడా అందుకే.