మచ్చికైన గుర్రానికి మనిషి రుణం

కోల్‌కతాలోని ఖిదిర్‌పూర్ ప్రాంతంలో రిమౌంట్ రోడ్ అనే వీధి ఉన్నది. ఆ పేరుతోనే ఒక రైల్వే స్టేషను కూడా ఉన్నది. సైన్యంలో మరణించిన, వయసుడిగిన గుర్రాల స్థానాన్ని నింపే కొత్త గుర్రానికి రిమౌంట్ అని పేరు. ఆ వీధి పేరు ఒక మరపున పడిన వ్యాపారాన్ని గుర్తుచేస్తుంది.

19వ శతాబ్దంలో అట్టి గుర్రాలు ఆస్ట్రేలియా నుండి నాటి కలకత్తాకు వేలసంఖ్యలో వచ్చేవి. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రాన్ని బట్టి వాటికి ‘వేలర్లు’ అనే పేరు స్థిరపడింది. విశాలమైన బీళ్లలో స్వేచ్ఛగా పెరిగిన వాటిలో అనేకం కళ్లెమంటే ఎరుగవు. వారాల తరబడి ఓడలో ప్రయాణించి, హుగ్లీ తీరాన దిగేవి. త్రాళ్లతో బంధించి, అలసి సొలసేదాకా స్వారి చేసి లొంగదీయడం ఆ కాలంలో సాధారణ పద్ధతి.

అయితే భయంతో లొంగిన గుర్రం మనిషిని నమ్మదు. పులి వంటి మృగాలకు ఆహారమయ్యే జాతి కనుక, ప్రమాదం తోచగానే పరుగెత్తడమే దానికి రక్షణ. కన్నులు తలకు ఇరుప్రక్కలా ఉండుటచేత చుట్టూ చూడగలదు గాని, సరిగ్గా వెనుక నిలిచినవానిని చూడలేదు. అందుచేత నేర్పరి దాని భుజంవైపు నుండి మెల్లగా సమీపిస్తాడు. అది ఒక్క అడుగు తనవైపు వేయగానే తాను వెనుకకు తగ్గుతాడు. ఆ విడుపే దానికి బహుమానం. పిమ్మట స్పర్శ, తలత్రాడు, జీను క్రమంగా అలవాటవుతాయి.

అమెరికా 1971లో అడవి గుర్రాల రక్షణకు చట్టం చేసింది. మేతకు మించి పెరిగిన మందల నుండి పట్టి తెచ్చిన గుర్రాలను అక్కడ దత్తత ఇస్తారు. వాటిని మచ్చిక చేసే పోటీలలో బాలబాలికలు సైతం పాల్గొంటారు. సుమారు 100 రోజులు ఓర్పుతో పెంచుకున్న స్నేహాన్ని చివరకు వేరొకరి చేతిలో పెట్టవలసి వస్తుంది. గుర్రాన్ని గెలవడంకన్న దానిని అప్పగించడమే ఆ పిల్లలకు కఠినమైన పాఠం.

కోల్‌కతాకూ ఆ పాఠం అవసరమే. 1840లో ఆరంభమైన అశ్విక పోలీసుదళం మైదానంలో నేటికీ తిరుగుతున్నది. విక్టోరియా మెమోరియల్ వద్ద బండ్లు లాగిన గుర్రాల దుస్థితి మాత్రం హైకోర్టు దాకా వెళ్లింది. మనిషిని నమ్మి అడవిని మరచిన జంతువు తిరిగి అడవికి పోలేదు. దాని వీపుపై జీను వేసిన నాడే, దాని ముసలితనపు గ్రాసానికి కూడా మనిషి బాధ్యుడైనాడు.