పొగకు పొలిమేర తెలుసా?

ప్రతి ఊరికీ ఒక పొలిమేర ఉంటుంది. అక్కడ ఒక రాయి ఉంటుంది. కొన్నిచోట్ల పోలేరమ్మ గుడి ఉంటుంది. రాయికి ఇటువైపు ఒక పంచాయతీ. అటువైపు ఇంకో పంచాయతీ. వీధి దీపాలు, కుళాయిలు, మురికి కాలువలు, ఇంటి పన్ను ఎవరి ఊరివి వాళ్లే చూసుకోవాలి. ఈ లెక్క మనుషులకు తెలుసు. మేతకు పోయే గొర్రెలకు తెలియదు. వాగులో నీళ్లకు తెలియదు. గాలికి అసలే తెలియదు.

అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి వైపు మెట్ట భూములు ఎక్కువ. బీళ్లలో చిల్లచెట్లు పెరుగుతాయి. సర్కారు తుమ్మ అన్నా అదే చెట్టు. ఎవరూ నాటకపోయినా వస్తుంది. నీళ్లు పోయకపోయినా బతుకుతుంది. ఈ చెట్టు కొట్టి బొగ్గులు కాలుస్తారు. చాలా ఇళ్లకు వానలు లేని రోజుల్లో ఇదే కూలి.

బొగ్గు బట్టీ ఎలా పెడతారో చూడండి. కొట్టిన కట్టెలను గుట్టగా పేరుస్తారు. పైన ఆకూ అలమా కప్పుతారు. దానిమీద మట్టి మెత్తుతారు. లోపల అగ్గి పెడతారు. గాలి ఆడడానికి చిన్న చిన్న బొక్కలు మాత్రం వదులుతారు. గాలి బాగా తగిలితే కట్టె మండి బూడిద అయిపోతుంది. గాలి తక్కువగా తగిలితే మెల్లగా మగ్గి బొగ్గు అవుతుంది. అందుకే బట్టీ రోజుల తరబడి పొగ వదులుతూనే ఉంటుంది. మొదట తెల్లని పొగ వస్తుంది. అందులో చాలావరకు పచ్చి కట్టెలోని తడి ఆవిరి. పోను పోను పొగ పలచబడి నీలంగా మారుతుంది. పొగ రంగు చూసి బట్టీ ఎక్కడికి వచ్చిందో చెప్పగలిగిన ఆడవాళ్లు ఉన్నారు. అది కూడా ఒక చదువే.

ఇప్పుడు రెండు ఊళ్లు ఉన్నాయనుకుందాం. పై ఊరు, కింది ఊరు. బట్టీలు పై ఊరి బీట్లో ఉన్నాయి. కానీ పొలిమేరకు దగ్గరగా ఉన్నాయి. పడమటి గాలి తోలినప్పుడు పొగంతా కింది ఊరి మీదికి వస్తుంది. ఎండేసిన బట్టలకు పొగ వాసన పడుతుంది. ముసలివాళ్లకు రాత్రంతా దగ్గు. ఉబ్బసం ఉన్న పిల్లలకు గుండెలు ఎగేస్తాయి.

కింది ఊరి ఆడవాళ్లు పోయి తమ సర్పంచిని అడుగుతారు. ఆయన ఏమంటాడు?

"ఆ బట్టీలు మన ఊళ్లో లేవు గదమ్మా. నేనేం చేసేది?"

సరే అని పై ఊరి సర్పంచి దగ్గరికి పోతారు. ఆయన ఏమంటాడు?

"మా ఊళ్లో ఎవరూ పొగ అని చెప్పలేదే. అయినా మా వాళ్ల కూలి పోగొట్టమంటారా అక్కా?"

ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. మొదటి ఆయనకు పొలిమేర దాటి అధికారం లేదు. రెండో ఆయనకు ఓట్లు వేసేవాళ్లు కింది ఊళ్లో లేరు. పొగ ఒక ఊళ్లో పుడుతుంది. దగ్గు ఇంకో ఊళ్లో పుడుతుంది. ఈ రెంటినీ కలిపి చూసే మనిషి ఎవరూ లేరు. చిక్కంతా ఇక్కడే ఉంది.

కింది ఊరివాళ్లు గొడవ చేసి ఆ బట్టీలను అక్కడినుంచి తీయించారనుకుందాం. ఏమవుతుంది? బట్టీ పెట్టేవాడు ఇంకో నాలుగు మైళ్లు పోయి ఇంకో ఊరి పొలిమేరలో పెడతాడు. పై ఊరి ఆడవాళ్లకు కూలి పోతుంది. పొగ మాత్రం పోదు. ఇంకొక ఊరికి పోతుంది. కాబట్టి ఒక ఊరు ఒంటరిగా చేస్తే సగం పనే అవుతుంది. ఒక్కోసారి సగం కూడా కాదు.

పొగలో ఏముంటుంది?

కంటికి కనిపించే మసి పెద్ద ప్రమాదం కాదు. అది ముక్కులోనో గొంతులోనో ఆగిపోతుంది. కనిపించని నలుసులు ఉంటాయి. అవి తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు. వాటిని ముక్కు ఆపలేదు. నేరుగా ఊపిరితిత్తుల అడుగుకు పోతాయి. కొన్ని రక్తంలో కూడా కలుస్తాయి. దగ్గు, ఆయాసం ఒక్కటే కాదు, గుండె జబ్బు కూడా వీటివల్ల వస్తుందని డాక్టర్లు చెబుతారు. గర్భిణులకు, కడుపులోని బిడ్డకు మంచిది కాదు. కట్టెల పొయ్యి పొగలో కూడా ఇవే నలుసులు ఉంటాయి. కాకపోతే పొయ్యి ఎవరి ఇంట్లో ఉందో తెలుసు. బట్టీ పొగ ఎవరిదో తేల్చాలి.

చలికాలంలో బాధ ఇంకా ఎక్కువ. ఎందుకు? రాత్రి నేల చల్లబడుతుంది. నేలను అంటుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. పైన ఉన్న గాలి కొంచెం వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చని గాలి చట్టికి మూత పెట్టినట్టు అడ్డం పడుతుంది. పొగ పైకి లేవదు. పొద్దున్నే పాలు పిండే వేళకు పొగ కయ్యల మీద పరుచుకుని కనిపించేది ఇందుకే. ఎండెక్కాక నేల వేడెక్కుతుంది. మూత లేస్తుంది. పొగ చెదిరిపోతుంది. కాబట్టి బట్టీ ఏ నెలలో పెట్టారు, ఏ దిక్కు గాలి తోలుతోంది అనేది కూడా చూడాలి. ఒకే బట్టీ ఒక నెలలో ఒక ఊరికి, ఇంకో నెలలో ఇంకో ఊరికి పొగ పంపుతుంది.

నీళ్ల సంగతీ అంతే

గాలి కనపడదు. నీళ్లు కనపడతాయి. కాబట్టి నీళ్లను చూస్తే ఈ మాట ఇంకా బాగా తెలుస్తుంది. సోమశిల ప్రాజెక్టు అనంతసాగరం మండలంలోనే ఉంది. దానిలోకి వచ్చే పెన్న ఎక్కడ పుట్టింది? కర్ణాటకలో నంది కొండల దగ్గర. అనంతపురం వైపు, కడప వైపు పారి సోమశిలకు వస్తుంది. ప్రాజెక్టు కట్టినప్పుడు ముంపుకు పోయిన ఊళ్లు కడప జిల్లావి. ఆ నీళ్లతో పండే పొలాలు ఎక్కువగా నెల్లూరు జిల్లావి. ఒకరి నష్టం, ఇంకొకరి లాభం ఒకే నీళ్లలో ఉన్నాయి.

2021 నవంబరు 19 తెల్లవారుజామున కడప జిల్లాలో చెయ్యేరు మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. రాజంపేట వైపు ఊళ్ల మీద వరద పడింది. మనుషులు చనిపోయారు. పశువులు కొట్టుకుపోయాయి. ఆ నీళ్లు పెన్నలో కలిసి సోమశిలకు వచ్చాయి. సోమశిల నుంచి లక్షల క్యూసెక్కుల నీళ్లు వదలాల్సి వచ్చింది. పెన్న ఒడ్డు ఊళ్లు మునిగాయి. నెల్లూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాల కింద కట్ట కోసుకుపోయి రైళ్లు ఆగిపోయాయి.

పై ఊళ్లో ఏం జరుగుతోందో కింది ఊరికి ఎంత ముందు తెలిస్తే అంత మంచిది. ఒక గంట ముందు తెలిస్తే ముసలివాళ్లను మిట్టకు చేర్చవచ్చు. పశువుల తాళ్లు విప్పవచ్చు. ఆ గంట ఎక్కడినుంచి వస్తుంది? పై ఊరివాళ్లు చెప్పాలి. జిల్లా దాటి చెప్పాలి. వరద వచ్చాక ఫోను నంబరు వెతుక్కుంటే కుదరదు.

దూబగుంట నుంచి

పొలిమేర దాటే పని ఈ ప్రాంతపు ఆడవాళ్లకు కొత్త కాదు. 1992లో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా అంగడి మూయించారు. అక్షరాలు నేర్చుకునే చోట మొదలైన మాట అది. కానీ ఒక ఊళ్లో అంగడి మూసి, పక్క ఊళ్లో తెరిచి ఉంటే ఏం లాభం? మగవాళ్లు ఆ ఊరికి నడిచిపోతారు. అంతే తేడా. అందుకే మాట ఊరినుంచి ఊరికి పోయింది. జిల్లాలో సారా వేలం పాటలను ఆడవాళ్లు గుంపులుగా వెళ్లి అడ్డుకున్నారు. పాటలు వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో సారా ఆగింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా ఆగింది. 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చింది. అది నిలవలేదు. 1997లో సడలించారు. పక్క రాష్ట్రాల నుంచి సీసాలు రావడం దానికి ఒక కారణం. ఊరి పొలిమేర దాటారు, జిల్లా పొలిమేర దాటారు. రాష్ట్రం పొలిమేర దగ్గర పని ఆగింది.

దూరదేశంలో ఒక పట్నం

అమెరికాలో లాస్ ఏంజెలెస్ అనే పట్నం ఉంది. ఒకవైపు సముద్రం, మిగతా వైపుల కొండలు. గిన్నె అడుగున ఉన్నట్టు ఉంటుంది. 1943లో ఒకరోజు పట్నమంతా పొగ కమ్మింది. కళ్లు మండాయి. అప్పుడు యుద్ధం జరుగుతోంది. శత్రువులు విషం వదిలారేమోనని జనం భయపడ్డారు. తర్వాత ఒక ఫ్యాక్టరీ మీద అనుమానపడి దాన్ని కొన్నాళ్లు మూయించారు. పొగ తగ్గలేదు.

పట్నం ఒక్కటే కట్టుబాట్లు పెడితే చుట్టూ ఉన్న చిన్న పట్నాల పొగ వస్తూనే ఉంది. అందుకని 1947లో ఆ జిల్లా మొత్తానికి కలిపి గాలి కోసం ఒక ఆఫీసు పెట్టారు. అక్కడ జిల్లాలాంటి దాన్ని కౌంటీ అంటారు. అదీ చాల్లేదు. పొగ పక్క కౌంటీలకు పోతోంది. చివరికి 1977లో నాలుగు కౌంటీలు కలిపి ఒకే సంస్థ అయింది. కొండల మధ్య గాలి ఎంతవరకు తిరుగుతుందో అంతవరకు దాని అధికారం. కౌంటీల్లో, పట్నాల్లో ఓట్లతో గెలిచినవాళ్లే అందులో ఎక్కువమంది సభ్యులు. మొదటి పొగ నుంచి ఇక్కడికి రావడానికి 34 ఏళ్లు పట్టింది. అక్కడ గాలి ఇప్పటికీ పూర్తిగా బాగుపడలేదు. అయినా వెనకటి కళ్ల మంట ఇప్పుడు లేదు.

మన దేశంలో ఢిల్లీ కష్టం చాలామంది విన్నదే. పంజాబు, హర్యానా రైతులు వరి కోసి దుబ్బులు కాలుస్తారు. ఆ పొగ ఢిల్లీ దాకా పోతుంది. ఢిల్లీ వాహనాల పొగ, దుమ్ము దానికి తోడవుతాయి. ఢిల్లీకి, చుట్టుపక్కల నాలుగు రాష్ట్రాలకు కలిపి గాలి కోసం ఒక కమిషను పెట్టారు. 2021లో దానికి చట్టం వచ్చింది. చలికాలం పొగ మాత్రం పోలేదు. వరి కోతకు, గోధుమ విత్తడానికి మధ్య రైతుకు ఉండేది కొద్ది వారాలే. ఆ కొద్ది రోజుల్లో గడ్డి తీయడానికి అతనికి దారి చూపకుండా ఊరికే కాల్చవద్దంటే వింటాడా? పైనుంచి ఒక ఆఫీసు పెడితే చాలదు. కింద కూలి సంగతి, సేద్యం సంగతి మాట్లాడాలి.

నెల్లూరు పట్నం కూడా గాలి బాగా లేని పట్నాల జాబితాలో ఉంది. కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన గాలి శుభ్రత కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ నుంచి తీసుకున్న 13 పట్నాల్లో నెల్లూరు ఒకటి. పట్నం గాలి పట్నంలోనే తయారు కాదు. పల్లె గాలి గురించి అడిగేవాళ్లు ఇంకా తక్కువ.

రెండు పంచాయతీలు కలిసి కూర్చోవచ్చా?

కూర్చోవచ్చు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో దీనికి వీలుంది. రెండు లేక అంతకంటే ఎక్కువ పంచాయతీలకు ఉమ్మడి పని ఉంటే ఉమ్మడి కమిటీ వేసుకోవచ్చు. ఉమ్మడి చెరువు, ఉమ్మడి దారి, ఒకే ట్యాంకు నుంచి చాలా ఊళ్లకు వచ్చే మంచినీళ్లు, పొగ ఇలాంటివన్నీ ఉమ్మడి పనులే. అడిగేవాళ్లు లేక ఆ మాట పుస్తకంలోనే ఉండిపోతుంది. మండల పరిషత్ మీటింగు కూడా ఉంది. దానికి మండలంలోని సర్పంచులను పిలుస్తారు. రెండు ఊళ్లు ఒకే మండలంలో ఉంటే అక్కడ మాట్లాడవచ్చు. వేరే వేరే మండలాలు అయితే జిల్లా పరిషత్ దాకా పోవాలి. ఫ్యాక్టరీల పొగ, బట్టీల పొగ చూసేందుకు కాలుష్య నియంత్రణ మండలి ఉంది. గాలి కోసం 1981లోనే చట్టం వచ్చింది.

ఇందులో ఆడవాళ్ల చెయ్యి చిన్నది కాదు. 1994 చట్టంలో పంచాయతీ సీట్లలో మూడో వంతు ఆడవాళ్లకు ఇచ్చారు. 2011లో దాన్ని సగం చేశారు. రెండు ఊళ్లకూ ఆడవాళ్లే సర్పంచులుగా ఉన్న చోట్లు ఉంటాయి. వాళ్లు కలిసి మాట్లాడుకోవడానికి పొలిమేర అడ్డం కాదు. వాళ్ల మాట భర్తలు మాట్లాడకుండా చూసుకుంటే చాలు.

పై ఊరు, కింది ఊరు కూర్చున్నాయనుకుందాం. ఏం మాట్లాడుకోవాలి? బట్టీలు అసలు వద్దంటే కూలి పోతుంది. ఎక్కడైనా పెట్టుకోమంటే పొగ పోదు. మధ్యలో దారులు చాలా ఉన్నాయి. ఇళ్లకు, బడికి ఎంత దూరంలో పెట్టాలి? ఏ నెలల్లో ఏ దిక్కున పెట్టాలి? ఒకేసారి ఎన్ని బట్టీలు వెలిగించాలి? కట్టె ఎండాక కాలిస్తే పొగ తగ్గుతుంది, దానికి గడువు ఎంత ఇవ్వాలి? బొగ్గు తీసే ఆడవాళ్లకు ముక్కుకు కట్టుకునే గుడ్డ ఎవరు ఇవ్వాలి? ఈ చివరి ప్రశ్న మరిచిపోకూడదు. కింది ఊరికి పొగ దూరం నుంచి వస్తుంది. బట్టీ దగ్గర పనిచేసే పై ఊరి ఆడవాళ్లు పొగ మధ్యలోనే ఉంటారు. వాళ్ల దగ్గు సంగతి ఎవరూ అడగలేదు.

మాట్లాడింది కాగితం మీద పెట్టాలి. రెండు గ్రామసభల్లోనూ ఒకే తీర్మానం రాయించాలి. ఒక ఊళ్లో ఒక మాట, ఇంకో ఊళ్లో ఇంకో మాట ఉంటే కుదరదు.

దానికంటే ముందు ఒక నోటుపుస్తకం పెట్టుకోవాలి. రోజూ రెండు ముక్కలు రాస్తే చాలు. తేదీ. పొగ ఎన్ని గంటలకు వచ్చింది. గాలి ఏ దిక్కునుంచి తోలింది. ఆ రోజు ఎంతమంది దగ్గుతో ఆసుపత్రికి పోయారు. నెల రోజులు ఇలా రాస్తే, "మాకు పొగ వస్తోంది సార్" అనే మాటకు బలం వస్తుంది. ఎంపీడీవోకు ఇచ్చే అర్జీకి ఆ పేజీల నకలు జతచేయాలి. అర్జీ రెండు కాపీలు రాయాలి. ఒకటి ఆఫీసులో ఇవ్వాలి. రెండో దానిమీద తేదీతో ముద్ర వేయించుకుని ఇంటికి తెచ్చుకోవాలి. రెండు ఊళ్ల ఆడవాళ్ల సంతకాలూ అదే కాగితం మీద ఉండాలి.