చేతిని వదలని యంత్రం

కాచిగూడలో 1916 నాటి స్టేషన్ ముందు ఆగిన రైలు చక్రానికీ, ఏటికొప్పాక లక్క బొంగరానికీ చుట్టరికం ఉందంటే నవ్వొస్తుంది. కానీ రెండింటినీ తీర్చిదిద్దేది లేతే. పట్టాల మీద అరిగిన చక్రాన్ని మళ్లీ లేతెక్కించి దాని అంచునూ వాలునూ సరిచేస్తారు. ఈ యంత్రంలో ఉలి తిరగదు, వస్తువే తిరుగుతుంది. మనిషి చేతిలోని పని మెల్లగా యంత్రానికి జారిపోవడమే లేత్ చరిత్ర అని మామూలుగా చెబుతారు. ఇనుము విషయంలో అది నిజం. కర్ర విషయంలో మాత్రం యంత్రం లాక్కున్నది ప్రధానంగా తిప్పేవాడి పనిని, చెక్కేవాడి పనిని కాదు.

ఈజిప్టులో పెటోసిరిస్ సమాధి గోడ మీద, క్రీ.పూ. 300 ప్రాంతపు శిల్పంలో ఇద్దరున్నారు. ఒకడు కర్రకు చుట్టిన తాడు లాగుతున్నాడు, ఇంకొకడు ఉలి పట్టాడు. తాడు లాగితే కర్ర ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు తిరుగుతుంది. ముందుకు తిరిగినప్పుడే ఉలి కోస్తుంది. వెనక్కి తిరిగేటప్పుడు దాన్ని కాస్త ఎడం చేయాలి, అంటే సగం తిరుగుడు దండగ. విల్లుతో తిప్పే లేత్‌కూ ఇదే లోటు. మధ్యయుగపు యూరప్‌లో వంగే వాసానికి తాడు కట్టి, కాలితో తొక్కి, రెండో మనిషిని తప్పించారు గానీ దండగ అలాగే ఉండిపోయింది. పెద్ద చక్రం చేరి కర్ర ఒకే దిక్కున తిరిగాకే ఆ సగం దక్కింది. ఆ తర్వాత ఆవిరి, కరెంటు వచ్చాయి. ఉలి మాత్రం చేతిలోనే ఉంది.

1800 ప్రాంతంలో లండన్‌లో హెన్రీ మాడ్‌స్లే ఆ ఉలినీ చేతిలోంచి తీసి, మర తిప్పితే జరిగే ఇనుప దిమ్మకు బిగించాడు. ఇనుము ఎక్కడ కోసినా దాదాపు ఒకేలా ఉంటుంది కనుక అది సాగింది. కర్రలో నార వాలు, ముడి, తడి జానెడు దూరంలోనే మారిపోతాయి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక వాళ్లు అంకుడు కర్రను ఎంచుకున్నది అది తెల్లగా, మెత్తగా, సన్ననారతో ఉంటుందనే. అయినా చేతికి పని తప్పదు. అయిదు సెంటీమీటర్ల మందమున్న బొంగరం నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే, నడుం దగ్గర ఉలి కింద సెకనుకు 2.6 మీటర్ల కర్ర పరుగెడుతుంది. రెండు సెంటీమీటర్లకు సన్నబడిన చోట మీటరు పైచిలుకే. కోణం, ఒత్తిడి అప్పటికప్పుడే మారాలి. ఇక రంగు వేసేటప్పుడు తిరిగే కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. ఎక్కువ అదిమితే మందంగా పేరుకుంటుంది, చాలకపోతే పట్టదు. ఆపైన మొగలి ఆకుతో అదిమి పొరను సర్ది మెరుపు తెస్తారు.

కర్రనూ చేతి సాయం లేకుండా చెక్కే యంత్రాలు లేవా అనవచ్చు. ఉన్నాయి. అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ 1819 ప్రాంతంలోనే నమూనాను తడుముతూ తుపాకీ కొయ్యలకు నకళ్లు చెక్కే లేత్ చేశాడు. మంచంకోళ్లు వందల్లో కావాలంటే నేటి కంప్యూటర్ లేతే మేలు, అందులో మొహమాటం అక్కర్లేదు. అయితే దానికి ఒకే కొలతకు కోసి ఆరబెట్టిన దుంగలు, పెద్ద ఆర్డరు ఉండాలి. వంకర కొమ్మతో, రోజుకో ఆకారంతో సాగే పనికి ఆ ఖర్చు గిట్టదు. ఏటికొప్పాకకు అసలు పోటీ లేత్ నుంచి రాలేదు, ప్లాస్టిక్ అచ్చు నుంచి వచ్చింది. ఆ ఊరి కళాకారుడు సి.వి. రాజు సహజ రంగులను తిరిగి నిలబెట్టడంతో అక్కడి లక్క బొమ్మలకు వేరే గిరాకీ దొరికింది. ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017 నాటి భౌగోళిక గుర్తింపు బొమ్మ పేరును కాపాడుతుంది. అంకుడు చెట్టును పెంచడం మాత్రం వేరే ఎవరో చేయాలి.